పై వరుస సున్నా

జువాలజీ మేడం పోయారన్న వార్త మా పాత విద్యార్థుల వాట్సప్ గ్రూపులో పడిన అరగంటకే ఫోటో గురించి తగువు మొదలయింది. వార్త కింద పెట్టిన ఫోటోలో ఆవిడ నవ్వుతున్నారు, నోటికి కుడిచెయ్యి అడ్డం పెట్టుకుని. శ్రద్ధాంజలికి ఇదేం ఫోటో, ముఖం కనబడేది పెట్టండని ఒకరన్నారు. అందరూ తమ ఫోన్లు వెతికారు. వీడ్కోలు సభ, సైన్సు ప్రదర్శన, ఎవరిదో పెళ్ళి. ఆవిడ నవ్విన ప్రతి ఫోటోలోనూ ఆ చెయ్యి ఉంది. నవ్వని ఫోటోల్లో ఆవిడ ఆవిడలా లేరు.

నేను ఫోన్ పక్కన పెట్టాను. జమ్మలమడుగులో నా పంటి క్లినిక్‌లో అప్పటికి ఒక పెద్దాయన నోరు తెరుచుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన పన్ను సంగతి చూస్తూనే, ఆ చెయ్యి గురించి ఈ గ్రూపులో అందరికంటే నాకే ఎక్కువ తెలుసు కదా అనుకున్నాను. నాకు తెలిసింది సగమేనని కొన్నాళ్ళకు తేలింది.

ఆవిడ ప్రొద్దుటూరులో మా ఇంటర్ కాలేజీలో జువాలజీ చెప్పేవారు. ఆ ఊరి బంగారు అంగళ్ళవాళ్ళ ఆడపడుచు. మెడలో ఉన్నది మాత్రం సన్నటి గొలుసొక్కటే. పెళ్ళి చేసుకోలేదు. జమ్మలమడుగులో బట్టలంగడి పెట్టుకున్న తమ్ముడింట్లో ఉంటూ రోజూ బస్సులో వచ్చిపోయేవారు. పాఠం మామూలుగానే చెప్పేవారు. నిజం చెప్పాలంటే మామూలు కన్నా కాస్త తక్కువే. ఆవిడ ముఖం వెలిగేది పేపర్లు దిద్దేటప్పుడు.

తప్పు జవాబుకు ఇంటూ కొట్టడం ఆవిడకు తెలియదు. పచ్చ సిరాతో దాని చుట్టూ సున్నా చుట్టి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టేవారు. తర్వాత పిలిచి, పేపరు మన ముందు పెట్టి, "యాడి నుంచి వచ్చింది ఇది?" అనేవారు. కోపంగా కాదు. కొత్త ఊరినుంచి వచ్చిన చుట్టాన్ని అడిగినట్టు. మిగతా లెక్చరర్లు తిడితే విని మర్చిపోయేవాళ్ళం. ఈ ప్రశ్నకు మాత్రం జవాబు దొరికేదాకా ఆవిడ వదలరు, కాబట్టి ఆవిడంటేనే ఎక్కువ భయం.

పెండ్లిమర్రి వైపు నుంచి వచ్చిన ఒకడు చెనిక్కాయలు వేళ్ళకు కాస్తాయని రాశాడు. అసలు పూవు నుంచి ఊడ నేలలోకి దిగితే అక్కడ కాయ కాస్తుంది. ఎవడైనా అయితే సరైన జవాబు చెప్పి పంపేస్తాడు. ఆవిడ వాణ్ణి గంటసేపు కూర్చోబెట్టి, చివరకు విషయం రాబట్టారు. వాడు పుట్టి బుద్ధెరిగాక చెట్టు పీకి కాయలు కోయడానికే చేలోకి పోయాడు తప్ప, అంతకు ముందు పూత సమయంలో ఒక్కరోజూ పోలేదు. మరో పిల్లవాడు ప్రొద్దుటూరు కంసాలివాళ్ళ ఇంటివాడు. రసాయన చర్యలో ద్రవ్యరాశి తగ్గదని పుస్తకంలో ఉంటే, కొంచెం తగ్గుతుందని రాశాడు. కెమిస్ట్రీ సారు తల పట్టుకుని ఆ పేపరు ఈవిడకు తెచ్చి చూపించారు. ఈవిడ ఒక్క చూపు చూసి, వాళ్ళింట్లో బంగారం కరిగించిన ప్రతిసారీ తరుగు తీస్తారు కదా సార్, పిల్లోడు అది రాసినాడు అన్నారు.

ఇలాంటివన్నీ రాసుకోవడానికి ఆవిడకొక రికార్డు పుస్తకం ఉండేది. జువాలజీ ప్రాక్టికల్స్‌కు వాడేదే, ఒక పక్క బొమ్మ గీయడానికి తెల్ల కాగితం, ఇంకో పక్క రాయడానికి గీతల కాగితం. గీతల పక్క తప్పు, తెల్ల పక్క ఆ తప్పు ఎక్కడినుంచి వచ్చిందో దాని బొమ్మ. పేర్లు రాసేవారు కాదు. ఊరు రాసేవారు.

వెంటనే తెలియని సంగతికి ఆవిడది ఒకటే మాట, "చూసి చెప్తా." చాలామంది ఈ మాట తప్పించుకోవడానికి అంటారు. ఆవిడ నిజంగానే చూసి చెప్పేవారు. ఆరు నెలల తర్వాత మెట్ల మీద ఎదురై, ఆ రోజు నువ్వడిగింది ఇదీ అని మొదలుపెట్టేవారు. అప్పటికి అడిగినవాడికి తానేమడిగాడో గుర్తుండేది కాదు.

ఇక ఆ చెయ్యి. నవ్వొస్తే చాలు, అరచెయ్యి పెదాల మీదికి వచ్చేసేది. దీని మీద కాలేజీలో రకరకాల కథలు. బంగారు అంగడివాళ్ళ పిల్ల కాబట్టి నోట్లో బంగారు పన్నుందని మగపిల్లలు పందేలు కాశారు. నేను మాత్రం అంతా తెలిసినట్టు ఊరుకునేదాన్ని. మేడం పళ్ళు కూడా నా పళ్ళలాంటివేనని నా నమ్మకం.

నా పళ్ళ కథ చెప్పాలి. మాది సింహాద్రిపురం పక్క పల్లె. మా నాయనకు గొర్రెల మంద, కొంచెం చేను. మా పల్లె బోరు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ పళ్ళు గోధుమరంగులో గార పట్టినట్టుంటాయి. పల్లెలో ఉన్నంతకాలం అందరివీ అంతే కాబట్టి ఏమీ అనిపించలేదు. ప్రొద్దుటూరు హాస్టల్లో మొదటి రాత్రే ఒక పిల్ల, ఇంత చిన్నప్పుడే వక్కాకు నములుతావా అని అడిగింది. అప్పటినుంచి పెదాలు బిగించి నవ్వడం నేర్చుకున్నాను. ఆ ఏడే కాలేజీలో పళ్ళ పరీక్షలు పెట్టారు. వచ్చిన డాక్టరమ్మ నా నోట్లోకి చూసి, ఇది మురికి కాదు పాపా, నీళ్ళవల్ల వచ్చింది, నీ తప్పేమీ లేదు అంది. నా తప్పు కాదని మొదటిసారి విన్నది ఒక పంటి డాక్టరు నోట. ఆ సాయంత్రమే నాకూ అదే చదువు కావాలని పట్టుబట్టాను.

పట్టుబట్టడం వేరు, మార్కులు వేరు. నీట్‌లో ర్యాంకు వచ్చినా, ఇంటర్లో ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి ఇంత శాతం ఉంటేనే సీటిస్తారు. నేను ఇంటర్ పాసయ్యాను గానీ ఆ శాతానికి కింద ఆగిపోయాను. కాలేజీ పరీక్షల్లోనూ రెండేళ్ళు అంతే, ఎంత చదివినా గొర్రె తోక బెత్తెడే. మార్కులు పెంచుకోవడానికి పరీక్ష మళ్ళీ రాయవచ్చు, ఇంప్రూవ్‌మెంట్ అంటారు. రెండు సంవత్సరాల పేపర్లూ రాస్తానంటే మా నాయన మందను దొడ్లోకి తోలి తడిక వేశాడు. తర్వాత, "ఒక్క ఏడు ఇస్తాండా పాపా. ఈసారి గూడా ఇంతే అయితే ఇంటికొచ్చెయ్యి. మంద ఎనక మనిషి కావల్ల" అన్నాడు. ఆయన మాట ఇచ్చాడంటే ఇచ్చినట్టే, గీత గీశాడంటే గీసినట్టే.

ఎక్కడైనా నాలుగు మార్కులు కలుస్తాయేమోనని అంతకు ముందే రీవెరిఫికేషన్‌కు పెట్టాను. మార్కులు కలవలేదు. దిద్దిన జవాబు పత్రాల నకళ్ళు మాత్రం వచ్చాయి. అవి పట్టుకుని ఒక ఆదివారం జమ్మలమడుగులో మేడం ఇంటికి వెళ్ళాను.

ఆవిడ జువాలజీ పేపరు తిప్పుతూ ఒకచోట ఆగారు. మనిషి దంత సూత్రం. నోట్లో ఒక పక్క పళ్ళను పైన నాలుగంకెలు, గీత, కింద నాలుగంకెలుగా రాస్తారు. కొరికే పళ్ళు రెండు, కోర ఒకటి, వెనక నమిలేవి రెండు రకాలు, రెండూ మూడూ. పైనా కిందా ఒకటే. రెండు పక్కలా కలిపితే ముప్పై రెండు. నేను రాసింది చూస్తే పై వరుసలో సున్నా, సున్నా, మూడు, మూడు. కింది వరుసలో మూడు, ఒకటి, మూడు, మూడు.

"యాడి నుంచి వచ్చింది ఇది?" అన్నారు.

పుస్తకంలోదే మేడం అన్నాను. ఆవిడ పెన్నుతో కూడి చూశారు. పైన ఆరు, కింద పది, రెండింతలు చేస్తే ముప్పై రెండు.

"ఏ పుస్తకంలోనూ ల్యా ఇది. కానీ మొత్తం సరిపాయ. ఉత్తిగ తప్పు రాసేటోళ్ళకు మొత్తం సరిపోదు పాపా. ఇది ఏదో ఒకదాని నోరే. ఎవురిది?"

నా నాలుక దానంతటదే పైకి పోయింది. పైన ముందు వరుసలో నా పళ్ళు తగిలాయి. సున్నా ఎలా రాశానో అప్పుడు తెలిసింది. మా నాయన సంతకు గొర్రెలను తోలుకుపోయినప్పుడు వాటి నోళ్ళు తెరిచి చూపించేది నేనే, నా చేతులు చిన్నవని. గొర్రె వయసు పళ్ళలోనే ఉంటుంది. రెండు పళ్ళది, నాలుగు పళ్ళది, ఆరు పళ్ళది అని బేరం. ఆ ముందు పళ్ళన్నీ కింది దవడలోనే ఉంటాయి, పైన ఉండేది గట్టి చిగురే. పండగకు తలకాయ కూర వండే ముందు కాల్చిన తలల్లో వెనక పళ్ళు లెక్కపెట్టడం నా ఆట. పరీక్ష హాల్లో కంగారులో నా కళ్ళ ముందుకు వచ్చింది ఆ నోరే. మనిషికి కోర ఉంటుందని మధ్యలో గుర్తొచ్చి, కింది నాలుగు పళ్ళను మూడూ ఒకటిగా విడగొట్టాను. మొత్తం ముప్పై రెండు రాగానే సరిపోయిందని గుండె మీద చెయ్యి వేసుకున్నాను.

"గొర్రెది మేడం" అన్నాను.

ఆవిడ నవ్వారు. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా, చెయ్యి నోటి మీదినుంచి తియ్యకుండా నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. అది గమనించి నవ్వాపి, "నేను గొర్రె నోరు చూడల్యా పాపా ఎప్పుడూ. చూడల్ల" అన్నారు.

చూడాలంటే చూడాల్సిందే. మరుసటి ఆదివారం ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సు, అక్కడినుంచి సింహాద్రిపురం బస్సు, దిగాక ఆటో. లెక్చరర్ ఇంటికి వస్తోందంటే ఏదో ఫిర్యాదేనని మా నాయన అనుకుంటాడు. అనుకున్నట్టే ఆయన భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, పక్కింటినుంచి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి నిలబడ్డాడు. ఆవిడ కుర్చీ వైపు చూడలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నేరుగా దొడ్లోకి నడిచి, ఒక నోరు చూపించప్పా అన్నారు.

మా నాయన ఒక నాలుగు పళ్ళ గొర్రెను పట్టుకున్నాడు. నేను నోరు తెరిచాను. ఆవిడ వేలు పెట్టి పై చిగురు తడిమారు. గొర్రె ఆవిడ కొంగు నమలడం మొదలుపెట్టినా పట్టించుకోలేదు. పైన పళ్ళెందుకు లేవని మా నాయనను అడిగారు, ఆయనే లెక్చరరైనట్టు.

"గడ్డి కొయ్యనీకి కింద కత్తి ఉండాది, పైన పీట ఉండాది. రెండు కత్తులు యాల మేడం?" అన్నాడు మా నాయన.

ఆవిడ అది రాసుకున్నారు. తర్వాత అసలు సంగతి చెప్పారు, పరీక్షలో మీ అమ్మాయి మీ గొర్రెను రాసిందని. మా నాయన ముఖం మాడిపోయింది. అంటే మా యాపారమే పాప చదువుకు అడ్డం పడినాదా మేడం అన్నాడు మెల్లగా. ఆయన అంత చిన్నగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"నువ్వు నేర్పింది సరిగ్గానే నేర్పినావప్పా. ఆ పాప సరిగ్గానే నేర్చుకుంది. వాళ్ళు అడిగింది వేరే దాన్ని గురించి, అంతే" అన్నారు ఆవిడ.

సింహాద్రిపురం బస్టాపు దాకా సాగనంపడానికి వచ్చి మా నాయన అడగనే అడిగాడు, పాపకు సీటు వస్తాదా అని. వస్తుందని అనేస్తే ఆవిడ సొమ్మేం పోయింది. "చూసి చెప్తా" అని బస్సెక్కేశారు.

ఆ ఏడంతా ఆదివారాలు జమ్మలమడుగులోనే గడిచాయి. కొత్తగా ఆవిడ చెప్పిందేమీ లేదు. ప్రతి ప్రశ్న ముందు ఒక నిమిషం ఆగమన్నారు. వాళ్ళు అడిగింది ఎవరిని గురించి, నీకు గుర్తొస్తున్నది ఎవరు, ఇద్దరూ ఒకరేనా చూసుకో, కాకపోతే నీవాళ్ళను పక్కన కూర్చోబెట్టి రాయి అన్నారు. తీసి పారెయ్యమనలేదు, పక్కన కూర్చోబెట్టమన్నారు. ఫిజిక్సులోనూ ఇదే జబ్బు బయటపడింది. తల మీద బరువుతో చదును నేల మీద నడిస్తే ఆ బరువు మీద చేసిన పని సున్నా అని పుస్తకం. మైలు దూరం నీళ్ళ బిందెలు మోసినదాన్ని, నేనెలా ఒప్పుకుంటాను. నీ మెడనడిగితే సున్నా అనదులే, కానీ అడిగింది నీ మెడను కాదన్నారు.

పరీక్షలో దంత సూత్రం రానే లేదు. ఏడాదిపాటు గొర్రెను పక్కన కూర్చోబెట్టడం సాధన చేస్తే ఆ ప్రశ్నే ఇవ్వలేదు. ఇచ్చినవాటికి మాత్రం ఆగి ఆగి రాశాను. ఫలితాలు వచ్చిన రోజు కావలసిన శాతం దాటాను. బొటాబొటిగా కాదు, చాలా పైన. ఫోన్ చేసి చెబితే ఆవిడ శభాష్ అనలేదు. మిగతా మార్కులు యాడికి పోయినాయి అన్నారు. ఆ తర్వాత నీట్ ర్యాంకూ వచ్చింది, బీడీఎస్‌లో సీటూ ఖాయమయింది. ఆ సాయంత్రం మా నాయన ఫోన్ మోగింది. ఏడాది కిందటి బస్టాపు మాటకు జవాబు, "చూసి చెప్తానంటి కదప్పా. వచ్చింది." నన్ను కాలేజీలో దింపి వెనక్కి పోతూ మా నాయన ఒక్కటే మాట అన్నాడు, పైన గూడా పళ్ళుంటాయి, గుర్తు పెట్టుకో అని.

చదువయ్యాక ఆవిడ ఊళ్ళోనే క్లినిక్ పెట్టాను. అప్పటికి ఆవిడ రిటైరయ్యారు. రెండేళ్ళ కిందట కింది దవడ పన్ను నొప్పితో వచ్చి కుర్చీలో కూర్చున్నారు. నోరు తెరవమంటే తెరవలేరు, సిగ్గుతో నవ్వు వస్తుంది, నవ్వు వస్తే చెయ్యి వస్తుంది. చివరకు నా ఎడమచేత్తో ఆవిడ చెయ్యి పట్టుకుని, కుడిచేత్తో లైటు దించాను.

తెల్లటి పళ్ళు. వరుస తప్పనివి. బంగారం లేదు, గార లేదు, సందు లేదు. నొప్పి పెట్టే ఆ ఒక్కటి తప్ప ఎక్కడా లోపం లేదు. నాకు సంతోషం కలగాలి గానీ, చిన్నగా ఏదో మోసపోయినట్టనిపించింది. ఇన్నేళ్ళూ మేమిద్దరం ఒక జట్టు అనుకున్నాను మరి.

పన్ను సంగతి చూశాక, ఉండబట్టలేక అడిగాను.

"మేడం, ఈ చెయ్యి యాడి నుంచి వచ్చింది?"

"ఏ చెయ్యి?" అన్నారు.

ఆవిడకు తెలియదు. నేను అద్దం చేతికిచ్చి, మా నాయన కత్తీ పీటా మాట గుర్తు చేశాను. నవ్వారు, చెయ్యి లేచింది. అద్దంలో ఆ చేతిని ఎవరిదో అన్నట్టు చాలాసేపు చూశారు. దాన్ని దించారు, మళ్ళీ నవ్వబోయారు, మళ్ళీ లేచింది. ఇన్ని వందలమంది తప్పుల మూలం తవ్విన మనిషిని ఆ ఒక్క ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు. లేచి చెప్పులు తొడుక్కుంటూ, "చూసి చెప్తా" అన్నారు.

తర్వాత బజార్లో రెండు మూడుసార్లు కనబడ్డారు. చెప్పలేదు. నేనూ అడగలేదు. చూస్తున్నారులే అనుకున్నాను. పోయారని తెలిసినప్పుడు దుఃఖంతో పాటు కొంచెం కోపం కూడా వచ్చింది. ఆవిడ మాట తప్పడం ఇదే మొదటిసారి కదా అని.

కర్మలన్నీ అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. హాల్లో గోడకు ఆ ఫోటోనే, చెయ్యి అడ్డం ఉన్నదే, దండ వేసి పెట్టారు. తమ్ముడి భార్య కాఫీ ఇచ్చి, లోపలినుంచి రికార్డు పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"ఇది నీకియ్యమని చెప్పింది డాక్టరమ్మా, మా వదిన."

నా పేజీ సులువుగానే దొరికింది. తెల్ల పక్క పెన్సిల్‌తో గొర్రె దవడ, స్కేలుతో గీతలు గీసి పేర్లు పెట్టి ఉంది. కింద "కత్తి", పైన "పీట". గీతల పక్క పచ్చ సిరాతో నాలుగు ముక్కలు. మనిషి దంత సూత్రం. పై వరుస సున్నా, మొత్తం సరి. మూలం, సింహాద్రిపురం, వాళ్ళ నాయన మంద. తప్పు కాదు, జంతువు వేరే.

నా బతుకంతా ఆ చివరి ముక్క మీద నిలబడి ఉందనిపించింది. కాసేపు అక్షరాలు కనబడలేదు. తర్వాత చివరి పేజీకి తిప్పాను. తెల్ల పక్క ఒక పెద్దావిడ బొమ్మ. తల నిండా కొంగు, ముక్కుకు బేసరి, పెదాల మీద అరచెయ్యి. గీతల పక్క అదే పచ్చ సిరా.

నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం. పళ్ళు సరి. మూలం, అమ్మ. పులివెందుల పక్క పల్లె, ఆ ఊరి నీళ్ళు. ప్రొద్దుటూరికి కోడలుగా వచ్చిననాటి నుంచి పోయేదాకా అమ్మ ఇట్లే నవ్వింది. నవ్వంటే ఇదే అనుకుని నేర్చుకున్నాను. తప్పు కాదు, నోరు వేరే. అడిగింది, సింహాద్రిపురం పాప.

ఏం రాసింది వదిన అని తమ్ముడి భార్య అడిగింది. చదివి వినిపించాను. ఆమె గోడ వైపు తిరిగి ఫోటోను చాలాసేపు చూసింది.

"మా అత్తది ఒక్క ఫోటో గూడా ల్యా డాక్టరమ్మా ఈ ఇంట్లో. తీయనిచ్చేది కాదు" అంది.

ఆ ఫోటో మార్చవద్దని ఆ సాయంత్రం గ్రూపులో రాశాను. ఎందుకని అడిగారు. చూసి చెప్తానన్నాను.